సుత్తక్క పలకరింపు

బస్సు బయల్దేరి గంటన్నర అయింది. వెనక చక్రం మీది సీటులో, కిటికీ పక్కన కూర్చున్న సుత్తక్క అప్పటికి పదకొండుసార్లు ఆ చప్పుడు విన్నది. బస్సు నెమ్మదించి మలుపు తిరిగినప్పుడల్లా కాళ్ళ కింది రేకు అడుగు నుంచి ‘టిక్కు’మని ఒక్క పలుకు. వేగం పుంజుకోగానే అది ఇంజను రొదలో కలిసిపోయేది. మళ్ళీ మలుపు, మళ్ళీ టిక్కు.

ఆవిడ ఒళ్ళో సంచి ఉంది. అందులో టిఫిను డబ్బా, ప్లాస్టిక్ కవరులో నలగకుండా పెట్టిన ఒక కాగితం, అన్నిటికీ అడుగున పాత తువ్వాలులో చుట్టిన సుత్తి. ఆ కాగితం మధ్యాహ్నం ఒంటిగంటలోపు హెడ్డాఫీసులో ఇవ్వాలి. ఇస్తే సోమవారం నుంచి ఆవిడ బస్సు డిపోలో స్టోరు ఇన్‌ఛార్జి. ఇవ్వకపోతే ఆ కుర్చీ జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆవిడ వయసుకి మళ్ళీ ఆ జాబితా తిరిగి రాదు. ఇక సుత్తి సంగతంటారా, దాన్ని నిన్న సాయంత్రమే డిపోలో అప్పగించి ఉండాల్సింది. మరిచిపోయానని ఆవిడ తనకి తానే చెప్పుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో దాన్ని ఒక్క పూట కూడా మరిచిపోయి ఎరగని మనిషి.

“ఏంటక్కయ్యగారూ, అస్తమానం కిందికి చూస్తున్నారు? ఏమైనా పడిపోయిందా?” అన్నాడు పక్క సీటాయన. కళ్ళద్దాల వ్యాపారి. ఒళ్ళో నమూనాల పెట్టె, ముక్కు మీద ఒక జత, నుదుటి మీద ఒక జత, చొక్కా జేబులో మూడో జత.

“ఇంకా పడలేదు. పడుతుందేమోనని చూస్తున్నా.”

ఆయన తన పెట్టెని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. “ఏది?”

“మీది కాదులెండి. చక్రం.”

ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక కిటికీ వైపు చూశాడు.

లోకం చుట్టిన వాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది. ఏ దేశం వెళ్ళినా తట్టి చూసి చెప్పే మనుషులు కొందరుంటారు. పుచ్చకాయని వేలితో కొట్టి లోపల ఎరుపో తెలుపో చెప్పేవాడు, కుండని మెటికతో తట్టి ఎక్కడ నెర్రె ఉందో చెప్పేవాడు, రోగి వీపు మీద రెండు వేళ్ళతో తాళం వేసి ఊపిరితిత్తి మూలల్లో నీరు చేరిందని చెప్పే డాక్టరు, గోడని తాపీతో తట్టి ఇక్కడ సున్నం లేచిపోతుందని చెప్పే తాపీమేస్త్రి. వీళ్ళందరిదీ ఒకే కులం అనిపిస్తుంది. వీళ్ళు వస్తువుని చూడరు, మాట్లాడిస్తారు. మాట్లాడకపోతే ఎందుకు మాట్లాడలేదో కనుక్కుంటారు. ఏ పుస్తకాల్లోనూ వీళ్ళ గురించి పెద్దగా రాసి ఉండదు. రాసేవాళ్ళు ఎక్కువగా చూసేవాళ్ళు కాబట్టి కావచ్చు. సుత్తక్కది ఆ కులమే.

ఆవిడ ఉద్యోగం పేరు కాగితాల్లో చాంతాడంత ఉంటుంది గాని, పని ఒక్క మాటలో చెప్పొచ్చు. తెల్లవారక ముందే డిపోకి వెళ్ళి, బయల్దేరబోయే ప్రతి బస్సు చక్రాల నట్లనీ సుత్తితో కొట్టి వినడం. బస్సుకి నాలుగు చోట్ల, చోటుకి పది నట్లు. నలభై బస్సులు. రోజుకి పదహారు వందల దెబ్బలు. బిగువుగా ఉన్న నట్టు ‘ఖంగు’మంటుంది. ఆ డిపోలో దాన్ని ‘పలికింది’ అంటారు. లోపమున్నది ‘బొద్దు’మంటుంది. దాన్ని ‘మూగ’ అంటారు. ఇంకో మాట లేదు. “మూడో బండి, కుడి వెనక, అయిదు మూగ” అని ఆవిడ కేకేస్తే చాలు, మెకానిక్కులు పానాలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. మొదట్లో పరిగెత్తలేదు. ఆ కథ వేరే.

ఇరవై ఆరేళ్ళ వయసులో ఆవిడ ఆ డిపోలో బస్సులు కడిగే పనికి చేరింది. ఒకనాడు పొడవాటి కర్ర బ్రష్షుతో చక్రం రుద్దుతుంటే కర్ర కొస నట్లకి వరసగా తగిలింది. ఒకటి వేరేగా వినిపించింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ వేరేగానే. పెద్దమేస్త్రి దగ్గరికి వెళ్ళి, “అయ్యా, ఆ చక్రంలో ఒకటి సరిగ్గా పలకడం లేదు” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు, “ఏం, నీతో మాటలు మానేసిందా?” అని నవ్వారు. పెద్దమేస్త్రి నవ్వలేదు. వెళ్ళి పానా పెడితే నట్టు వేలితో తిప్పినట్టు తిరిగింది. ఆయన తన సుత్తి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, “రేపట్నుంచి ఆ బ్రష్షు గోడకి ఆనించు” అన్నాడు. అప్పటినుంచి ఆవిడ సుత్తక్క. సొంత పేరు జీతం చీటీలోనే మిగిలింది.

ఆ పేరుతో ఒక చిక్కుంది. విసిగించే కబుర్లకి జనం సుత్తి అని పేరు పెట్టేశారు కదా. కొత్తగా చేరిన ప్రతి డ్రైవరూ, “ఈ అక్క అంత సుత్తి కొడుతుందా?” అని ఒకసారి అడిగి తీరతాడు. “పొద్దున్నుంచీ అదేగా” అని పాతవాళ్ళు జవాబిస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే హాస్యం. సుత్తక్కకి అందులో ప్రతిసారీ నవ్వొచ్చేది. మనిషికి తన పని ఎంత ఇష్టమో తెలుసుకోవాలంటే దాని మీది పాత జోకుకి ఎలా నవ్వుతుందో చూడాలి.

మరి అంత ఇష్టమైన మనిషి ఆ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టిందంటే, మోకాళ్ళు. నలభై బస్సుల దగ్గర నూట అరవైసార్లు కూర్చుని లేవాలి. రెండేళ్ళుగా లేచినప్పుడల్లా మోకాలు కూడా ‘టిక్కు’మంటోంది. “అమ్మా, నట్లకి ఒక న్యాయం, నీకో న్యాయమా? నీలో చప్పుడొస్తే మాత్రం పట్టించుకోవా?” అంది కూతురు. నర్సు. మాట్లాడితే ఇంజెక్షన్ పొడిచినట్టే ఉంటుంది, కాని మంచికే. కాగితం టైపు చేయించిందీ ఆ అమ్మాయే. మొగుడు ఇంట్లోనే కుట్టుమిషను మీద బట్టలు కుట్టే మనిషి. ఆయన మాటల్లో పడకుండా ఆ కుర్చీకని ఒక దిండు కుట్టాడు. నీలం గుడ్డ, చుట్టూ ఎర్ర అంచు, నాలుగు మూలలా కట్టుకోవడానికి తాళ్ళు. ఆ దిండు చూశాక కాదనడం సుత్తక్క వల్ల కాలేదు.

పోయిన నెల ఆరు రోజులు ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని చూసింది కూడా. ఫ్యాను తిరిగేది. మోకాళ్ళు హాయిగా ఉండేవి. స్టోరు కిటికీ అవతల ఆవరణలో వేరే మనిషి నట్లు కొడుతుంటే, పెన్ను పట్టుకుని రిజిస్టరు రాస్తున్న చెయ్యి ఆగిపోయేది. ‘తొందరపడుతున్నాడు. నాలుగోది సగమే తగిలింది. మళ్ళీ కొట్టు నాయనా.’ నాలుగో రోజు రాత్రి అన్నం తింటుంటే మొగుడు అన్నాడు, “ఏంటి, మూగగా ఉన్నావు?” డిపో మాట ఎప్పుడో ఇంట్లోకి కూడా వచ్చేసింది. “ఏం లేదండీ” అంది ఆవిడ. ఆ ‘ఏం లేదు’ కూడా బొద్దుగానే వినిపించింది.

*

దిగుడు రోడ్డు మొదలయ్యే ముందు టీకొట్టు దగ్గర బస్సు ఆగింది. అక్కడినుంచి కిందికి ఇరవై రెండు మలుపులు. సుత్తక్క సంచి భుజాన వేసుకుని దిగి, ముందుగా ఎడమ వెనక చక్రం చుట్టూ ఒకసారి చూసింది. కంటికి ఏమీ ఆనలేదు. ఆనదని ఆవిడకి తెలుసు. డ్రైవరు దగ్గరికి వెళ్ళింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, దువ్విన మీసం, ఇస్త్రీ చొక్కా, చేతిలో టీ గ్లాసు.

“బాబూ, ఎడమ వెనక చక్రంలో ఏదో ఉంది. ఒకసారి చూడాలి.”

“ఏముందమ్మా?”

“టిక్కుమంటోంది.”

“అది పాత బండి. ఎక్కడ తట్టినా ఏదో ఒకటి అంటుంది.”

“ఈ టిక్కు అది కాదు.”

డ్రైవరు కండక్టరు వైపు చూశాడు. కండక్టరు సన్నగా, టిక్కెట్టు ముక్కలాంటి మనిషి. “పొద్దున్నే డిపోలో నట్లన్నీ బిగించారమ్మా. సంతకం కూడా ఉంది. కావాలంటే చూపిస్తా” అన్నాడు.

“సంతకం చక్రానికి పెట్టలేదు కదా నాయనా, కాగితానికి పెట్టారు.”

టీ తాగుతున్న వాళ్ళలో ఇద్దరు నవ్వారు. డ్రైవరుకి ఆ నవ్వు గుచ్చుకుంది. “అమ్మా, టైమైపోతోంది. ఎక్కి కూర్చోండి. సుత్తి కొట్టకండి.”

సుత్తక్క ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. “కొడతాను బాబూ. నా ఉద్యోగమే అది” అంది. సంచిలో చెయ్యి పెట్టి, డబ్బాని పక్కకి నెట్టి, కాగితం కవరుని ఇంకా పక్కకి నెట్టి, తువ్వాలు విప్పి సుత్తి బయటికి తీసింది.

ఈసారి అందరూ నవ్వారు. కళ్ళద్దాలాయన నుదుటి మీది జత కూడా ముక్కు మీదికి దించుకుని దగ్గరికొచ్చాడు.

ఆవిడ చక్రం ముందు కూర్చుంది. మోకాలు టిక్కుమంది. ఎడమ చూపుడువేలు నట్టుకి ఒక పక్క ఆనించి, రెండో పక్క సుత్తితో కొట్టింది. ఖంగు. రెండోది, ఖంగు. గట్టిగా కొట్టే పని కాదది. పక్కింటి తలుపు తట్టినంత. మూడు, నాలుగు, అయిదు, ఆరు. అన్నీ పలికాయి. ఏడోది, బొద్దు.

“ఇదిగో, ఏడు మూగ.”

“అంటే?”

“పలకలేదు. పానా తీసుకురా.”

డ్రైవరు గొణుక్కుంటూనే పానా తెచ్చాడు. నట్టుకి తగిలించి రెండు చేతులా లాగాడు. నట్టు కదల్లేదు. మళ్ళీ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి గాని నట్టు ఇసుమంత తిరగలేదు. పానా వదిలి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“చూశారా అమ్మా? బండరాయిలా ఉంది. ఇంకేం కావాలి?”

“ఇప్పటికి పది నిమిషాలు పోయాయి” అన్నారెవరో. “పెద్దావిడ కదా, చెవులు ఏవో వింటుంటాయి” అన్నారింకొకరు. ఆ మాట మాత్రం సుత్తక్కకి సూటిగా తగిలింది. యాభై నాలుగేళ్ళు. పదహారు వందల దెబ్బలు, ఇరవై ఎనిమిదేళ్ళు. ఇనుము చప్పుడు వినీ వినీ చెవులు కూడా అరిగే ఉంటాయా? అరిగితే, ఎప్పటినుంచి? ఈ మధ్య తాను పలికిందన్న నట్లన్నీ నిజంగా పలికినవేనా? సంచిలో కాగితం ఉంది. ఇప్పుడు లేచి, ‘పొరబడ్డాను బాబూ’ అని ఎక్కి కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. సోమవారం నుంచి కుర్చీ, ఫ్యాను, దిండు. ఇక జన్మలో ఎవరూ ఆవిడని ఏదీ వినమని అడగరు.

ఆవిడ కళ్ళు మూసుకుని ఏడో నట్టుని మళ్ళీ కొట్టింది. పక్కనున్న ఆరోదాన్ని కొట్టింది. మళ్ళీ ఏడు. వేలి కొసకి రావాల్సిన జలదరింపు రాలేదు. చెవి అబద్ధమాడుతుందేమో గాని, వేలూ చెవీ కూడబలుక్కుని ఆడవు.

“బిగుసుకునే ఉంది. లేదని నేననలేదు. నట్టు బాగానే ఉంది తమ్ముడూ, లోపల బోల్టు చిట్లింది. పానాకి గొట్టం తగిలించి, దాని మీద కాలేసి నిలబడు.”

‘బాబు’ ‘తమ్ముడు’ అయినందుకో, ఆ గొంతులో తొణుకు లేనందుకో, డ్రైవరు ఈసారి వాదించలేదు. గొట్టం తెచ్చి పానాకి తొడిగాడు. దాని మీద ఒక కాలు వేసి, బస్సు అంచు పట్టుకుని, రెండో కాలు కూడా లేపాడు.

టక్.

గొట్టం, పానా, డ్రైవరు ముగ్గురూ కింద పడ్డారు. నట్టు, దాంతో పాటు బొటనవేలంత బోల్టు ముక్కా దొర్లుకుంటూ వెళ్ళి కళ్ళద్దాలాయన చెప్పు దగ్గర ఆగాయి. ఆయన వంగి తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. విరిగిన చోట ముప్పావు వంతు నల్లగా, తుప్పు పట్టి ఉంది. మిగిలిన పావు వంతు మాత్రం ఇప్పుడే విరిగినట్టు తెల్లగా మెరుస్తోంది.

“ఆ నలుపు పాత చీలిక” అంది సుత్తక్క. “ఎన్నాళ్ళనుంచో ఉంది. ఈ తెలుపే ఇంతదాకా పట్టుకుని నడిపించింది.”

ఆవిడ మిగిలిన మూడూ కొట్టింది. ఎనిమిది పలికింది. తొమ్మిది మూగ. పది పలికింది. తొమ్మిదోదాని దగ్గర డ్రైవరు అడక్కుండానే గొట్టం తొడిగాడు. అదీ టక్కుమంది.

ఆయన అక్కడే చక్రం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. ఇస్త్రీ చొక్కా మట్టి కొట్టుకుపోయింది. ఎదురుగా ఇరవై రెండు మలుపుల రోడ్డు కిందికి జారుతూ కనిపిస్తోంది. బస్సులో యాభై ఒక్క మందిని ఎక్కించుకున్నానని ఆయనకి గుర్తొచ్చింది కాబోలు, అటే చూస్తూ ఉండిపోయాడు. కండక్టరు ఫోనులో ఇంకో బస్సు పంపమని చెబుతూ, “అవును సార్, విరిగింది. రెండు. కాదు సార్, సంతకం ఉంది. సంతకం విరగలేదు సార్” అంటున్నాడు.

*

వేరే బస్సు రావడానికి ముప్పావు గంట పడుతుందన్నారు. అంటే పదకొండున్నరకి బయల్దేరినా పన్నెండున్నరకల్లా హెడ్డాఫీసు. టైముంది. సుత్తక్క లెక్క వేసుకుంది. కొంచెం టైము లేకపోతే బాగుండునని కూడా అనుకుంది. రోడ్డే ఆ పని చేసిపెడితే మనిషికి నిర్ణయించుకునే బాధ తప్పుతుంది. కాని రోడ్లు అంత మంచివి కావు.

టీకొట్టు బల్ల మీద కూర్చుని మొగుడికి ఫోను చేసింది. అవతల కుట్టుమిషను గడగడ వినిపించి ఆగింది.

“చేరిపోయావా?”

“ఎక్కడండీ. దారిలో చక్రం బోల్టులు రెండు చిట్లాయి. నేనే పట్టుకున్నా. బిగువుగా ఉంది, పానాకి కూడా లొంగలేదు, అయినా పట్టుకున్నా. అందరూ నవ్వారు. డ్రైవరైతే సుత్తి కొట్టకండీ అన్నాడు...” అంటూ మొదటి టిక్కు దగ్గర్నుంచి కథంతా చెప్పింది. మధ్యలో ఆయన రెండుసార్లు ‘ఊఁ’ అన్నాడు, అంతే.

“ఏంటండీ, ఉన్నారా?”

“వింటున్నా. నెల రోజులైంది నీ గొంతు ఇలా పలికి.”

ఆవిడ సుత్తి పిడిని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది. అక్కడ కర్ర ఆవిడ వేలి అచ్చుకి సరిగ్గా గుంటపడి ఉంది. పెద్దమేస్త్రి ఇచ్చినప్పుడు ఆ గుంట వేరే చోట ఉండేది.

“కాగితం ఇవ్వకపోతే దిండు పాడవుతుందేమో” అంది.

“ఎందుకు పాడవుతుంది? నాలుగు చక్రాల పీట చేయిస్తా, జానెడు ఎత్తులో. దిండు దానికి కట్టేసుకో. బస్సు బస్సుకీ కూర్చునే దొర్లుకుంటూ వెళ్ళు, లేవక్కర్లేదు. తాళ్ళు ఎటూ కుట్టాను కదా.”

“డిపోలో నవ్వుతారండీ.”

“ఇప్పుడు ఏడుస్తున్నారా?”

సుత్తక్క నవ్వింది. “మరి అమ్మాయికి ఏం చెప్పాలి?”

“నువ్వేమీ చెప్పకు. నేను చెప్తాను. నాకు ఆ ఇంజెక్షన్లు అలవాటే.” గడగడమని మిషను మళ్ళీ మొదలైంది.

డ్రైవరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో విరిగిన ముక్కలు రెండూ ఉన్నాయి. “అక్కా, ఇవి డిపోలో మా మేస్త్రికి చూపించాలి. ఏమని చెప్పమంటారు? నేను చెబితే నమ్మరు. నేనే నమ్మలేదు కదా.”

సుత్తక్క చుట్టూ చూసింది. రాయడానికి కాగితం లేదు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితం బయటికి లాగి, వెనక్కి తిప్పి, కండక్టరు దగ్గర పెన్ను అడిగి తీసుకుని పెద్ద అక్షరాలతో రాసింది: ‘ఎడమ వెనక. ఏడు, తొమ్మిది మూగ. నట్లు బిగువే. బోల్టుల్లో పాత చీలిక. మిగతా బళ్ళు కూడా తట్టి వినండి. పానాని నమ్మకండి.’ ముక్కలు రెండూ అందులో పెట్టి పొట్లం కట్టి ఇచ్చింది.

డ్రైవరు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పాడు. “ఇటువైపు ఏదో టైపు చేసి ఉందక్కా. కింద సంతకం కూడా ఉంది. మీకు కావాల్సిందేమో.”

“ఆ పక్క పనికిరాదు. ఈ పక్క చదవమని చెప్పు.”

వేరే బస్సు పదకొండుంపావుకే వచ్చింది. జనం తోసుకుంటూ తలుపు దాకా వెళ్ళారు. అక్కడ ఆగారు. ఎవరూ ఎక్కలేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వెనక్కి తిరిగి సుత్తక్క వైపు చూశారు. ఎక్కమని ఆవిడ చెప్పాలన్నట్టు చూశారు. ఇందాక చెవుల మాట అన్న మనిషి అందరికన్నా ముందు పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు చీకట్లో, ఖాళీ బస్సుల మధ్య చేసిన పనిని అంతమంది నిలబడి చూడటం ఆవిడకి అదే మొదలు. చెంగు నడుముకి దోపుకుని కూర్చుంది. ఒక చక్రం, రెండు, మూడు, నాలుగు. నలభై దెబ్బలు. పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టారు. నలభయ్యోది ఖంగుమనగానే లేచి, “అన్నీ పలికాయి. ఎక్కండి” అంది. బడిలో హాజరు పూర్తయిన పంతులమ్మలా ఉంది ఆ గొంతు.

ఎక్కారు. కళ్ళద్దాలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, “అక్కయ్యగారూ, కిటికీ పక్క సీటు పట్టాను, రండి” అని పిలిచాడు. ఆ సీటు మీద నమూనాల పెట్టె పెట్టి కాపలా కాస్తున్నాడు. కింద పాత బస్సు దగ్గర డ్రైవరు జేబులు తడుముకుంటూ, “అక్కా, మీ పేరు, మీ డిపో ఏదో చెబితే మా వాళ్ళతో...” అంటూ తలెత్తాడు.

అప్పటికే రోడ్డు అవతల, వచ్చిన వైపుకి వెళ్ళే బస్సు ఆగి ఉంది. సుత్తక్క సంచి భుజాన, సుత్తి చేతిలో పట్టుకుని, అటూ ఇటూ చూసి రోడ్డు దాటుతోంది. కొంచెం కుంటుతూనే, కాని తొందర తొందరగా. వెనక్కి చూడలేదు. ఆ బస్సు ముందు చక్రం దగ్గర ఆగి వంగింది.

“ఏంటమ్మా, ఏం చేస్తున్నారు?” అని దాని డ్రైవరు తల బయటపెట్టాడు.

“ఏం లేదు నాయనా, పలకరిస్తున్నా” అంది. ఖంగుమంది మొదటిది.

నట్లు నలభయ్యింటినీ పేరుపేరునా పలకరించింది గాని, ఇవతల నుంచి చూస్తున్న మనుషులకి వెళ్ళొస్తానని ఒక్క మాట కూడా చెప్పకుండానే బస్సెక్కేసింది.